మీరా గారి జత గుడ్డలు

నాగుల్ మీరా గారికి ఉన్న జబ్బు ఒక్కటే. ఎవరేం చెప్పినా జత పెట్టి చూడటం.

"ఈ నూనె రాస్తే మోకాళ్ళ నొప్పి మాయం" అని మీరు అన్నారనుకోండి. మామూలు మనిషి అయితే నమ్ముతాడు, లేదా నవ్వుతాడు. మీరా గారు ఆ రెండూ చెయ్యరు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, గడ్డం గోక్కుని, "అలాగాండీ? జత పెట్టి చూద్దాం" అంటారు. మర్నాటి నుంచి ఆయన కుడి మోకాలికి ఒక నూనె, ఎడమ మోకాలికి ఒక నూనె. ఒకటి మీది, ఇంకొకటి వంటింట్లో నువ్వుల నూనె. ఏ సీసాలో ఏది ఉందో ఆయనకి తెలియకూడదు. వాళ్ళావిడ ఖదీజా గారు చాటుగా పోసి ఇవ్వాలి. ఆ పది రోజులూ ఆయన రోడ్డు మీద నడుస్తుంటే, ఇవాళ ఏ కాలు కుంటుతోందా అని టీ కొట్టు దగ్గర జనం వాదించుకునేవారు.

"సూర్యుడు తూర్పున ఉదయిస్తాడంటే దానికీ జత పెడతారా మీరా గారూ?" అని ఒకసారి వేళాకోళం చేశాను. ఆయన వేళాకోళం అనుకోలేదు. చాలాసేపు ఆలోచించారు.

"రెండో సూర్యుడు దొరకడం లేదు కదండీ మాస్టారూ" అన్నారు, నిజంగా బాధపడుతూ.

ఇక్కడ నా గురించి ఒక ముక్క చెప్పాలి. నా పేరు ఈశ్వరప్రసాద్. బందరులో ముప్ఫయ్యొక్క ఏళ్ళు హైస్కూలు పిల్లలకి ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాను. ఎమ్మెస్సీ. డిగ్రీ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఈ కథ అయ్యేసరికి చెప్పుకునే మొహం నాకు ఉండదు. మీరా గారు చదివింది ఏడో తరగతి. పెడనలో ఆయనకి చిన్న అద్దకం షెడ్డు ఉంది. ఇరవై ఏళ్ళ కిందట మా స్కూలు పిల్లల్ని కలంకారీ చూపిద్దామని అక్కడికి తీసుకెళ్ళాను. అప్పటి నుంచి స్నేహం.

ఆ రోజు చూసింది ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టే ఉంది. కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టిన గుడ్డ. దాని మీద పటిక నీళ్ళతో మీరా గారు ఒక పువ్వు అద్దారు. ఆరిపోయాక చూస్తే పువ్వు లేదు, ఏమీ లేదు. ఆ ఖాళీ గుడ్డని మంజిష్ఠ వేరు మరుగుతున్న రాగి గంగాళంలో వేసి కర్రతో తిప్పడం మొదలుపెట్టారు. కాసేపటికి, పటిక తగిలిన చోట మాత్రమే ఎరుపు పట్టి, లేని పువ్వు లేచి వచ్చింది. పిల్లలు కేకలు పెట్టారు. నేనూ కేక పెట్టాను గానీ, మాస్టార్ని కదా, దాన్ని దగ్గుగా మార్చేశాను.

ఆ పువ్వు పక్కనే గంగాళంలో ఇంకో రెండు జానెడు గుడ్డముక్కలు తేలుతున్నాయి. ఒకటి ఎర్రగా ఉంది, ఒకటి తెల్లబోయి ఉంది.

"ఇవేంటండీ?" అన్నాను.

"జతండీ. రోజూ పని మొదలెట్టే ముందు వేస్తాను. ఒకదానికి పటిక పెడతాను, ఒకదానికి పెట్టను."

"పెట్టనిది దండగ కదండీ?"

"అది లేకపోతే ఎట్టా అండీ? ఇది పటిక వల్ల ఎర్రబడిందో, ఇవాళ గంగాళం కనపడ్డదాన్నల్లా ఎర్రగా చేస్తోందో ఎట్టా తెలుస్తుంది?"

నేను ఏటా రెండు పేజీల నోట్సు చెప్పి, ఐదు మార్కుల ప్రశ్నగా అడిగే పాఠం అది. ఆయన జానెడు గుడ్డతో తేల్చేశారు. మా పిల్లలు నా వైపు చూడకుండా ఆయన వైపే చూస్తున్నారు. నాకు అసూయ కలిగింది, దాచుకోను.

షెడ్డుకి పాలు పోసే కోటేశ్వరమ్మ ఒకరోజు కొత్త సంగతి తెచ్చింది. ఫోన్లో భక్తి పాటలు పెడితే తన గేదె ఎక్కువ పాలిస్తోందట.

"అలాగామ్మా? జత పెట్టి చూద్దాం. నీకు రెండు గేదెలున్నాయి కదా."

పది రోజులు పెద్ద గేదెకి పాటలు, చిన్న గేదెకి నిశ్శబ్దం. పెద్దది పూటకి అరలీటరు ఎక్కువిచ్చింది. కోటేశ్వరమ్మ చెంగు దోపుకుని వచ్చి, "చూశావా అన్నా!" అంది.

"చూశానమ్మా. ఇప్పుడు ఫోను రెండోదాని దగ్గర పెట్టు."

ఇంకో పది రోజులు గడిచాయి. పాటలు వినే చిన్న గేదె ఎప్పటిలాగే ఇచ్చింది. పాటలు లేని పెద్ద గేదె ఎప్పటిలాగే అరలీటరు ఎక్కువిచ్చింది. కోటేశ్వరమ్మ మొహం వాడిపోయింది.

"అయితే పాటలు దండగేనా అన్నా?"

"దండగెందుకమ్మా? పాలు పితికేటప్పుడు నువ్వు వింటున్నావు కదా."

ఆవిడ ఊరుకుందా? "ఇది కాకపోతే పోనీ. మునగ గింజలు దంచి బురద నీళ్ళలో కలిపితే నీళ్ళు తేటపడతాయి, మా అమ్మ చేసేది. అదీ అబద్ధమేనా?" అంది.

అక్కడే ఉన్న నేను, "మూఢనమ్మకం!" అని పాఠం మొదలుపెట్టాను. గింజలకీ బురదకీ సంబంధం ఏమిటని, జనం ఎప్పుడు బాగుపడతారని ఓ పావుగంట దంచాను. ఆ పావుగంటలో మీరా గారు కొత్తగా వదిలిన కాలవ నీళ్ళు కోటేశ్వరమ్మ తెచ్చిన రెండు బిందెల్లో పట్టించి, ఒకదాంట్లో మునగ గింజల పొడి కలిపి, రెండిటినీ ఒకేలా తిప్పి మూతపెట్టారు. భోజనాలయ్యాక మూతలు తీస్తే, ఒక బిందెలో ఇంకా బురద, రెండో బిందెలో అడుగున ఉన్న సొట్ట కూడా కనపడుతోంది.

అప్పుడు చూడాలి ఆయన మొహం. అరవై ఐదేళ్ళ మనిషి, గాలిపటం ఎగిరిన పిల్లాడిలా అయిపోయారు. "మాస్టారూ, నిజమేనండీ! నిజంగా నిజం! ఖదీజా, ఇటు రా, చూడు!" అని షెడ్డంతా తిరిగారు. ఎవరి మాటైనా అబద్ధమని తేలితే ఆయన ఏమీ అనరు. నిజమని తేలితే మాత్రం ఊరంతా చెబుతారు. నేను కోటేశ్వరమ్మకి క్షమాపణ చెప్పలేదు. బిందె ఎక్కడ కొన్నావని అడిగాను.

అప్పుడైనా నాకు అర్థం కావలసింది. నేను దేన్నీ పరీక్షించి నమ్మడం లేదు, పరీక్షించి కొట్టిపారెయ్యడమూ లేదు. చెప్పింది పాలమ్మే ఆవిడైతే మూఢనమ్మకం, ఇంగ్లీషు మాటలతో చెబితే సైన్సు. నాకున్న కొలబద్ద అదొక్కటే.

నందివాడ నాగరాజు గారి సంగతి కూడా చెప్పాలి. ఆయన బోరు ఎక్కడ వెయ్యాలో చెప్పే మనిషి. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని పొలంలో నడుస్తారు. కింద నీళ్ళున్న చోట కాయ నిలబడుతుంది. చూడటానికి మహా గంభీరంగా ఉంటుంది. ఆయన షెడ్డుకి ఏదో పని మీద వస్తే, మీరా గారు టీ ఇచ్చి మెల్లగా అడిగారు.

"మన డెల్టాలో ఎక్కడ తవ్వినా నీళ్ళు పడతాయి కదండీ. పడని చోటు ఎక్కడైనా చూపించగలరా?"

నాగరాజు గారు టీ మింగడం మర్చిపోయారు. చివరికి ఉప్పు నీళ్ళా మంచి నీళ్ళా అన్నది కాయ చెబుతుందని సర్దుకున్నారు. సరే, జత పెట్టారు. ఒకే పొలంలో రెండుసార్లు నడవాలి. ఒకసారి కళ్ళు తెరిచి, ఒకసారి కళ్ళకి గంతలు కట్టుకుని. కాయ నిలబడ్డ చోటల్లా మీరా గారు ఒక పుల్ల పాతాలి. రెండుసార్లూ పుల్లలు ఒకేచోట పడ్డాయా లేదా అని నేను గట్టు మీద నుంచి మెడ సాచి చూస్తుంటే, మీరా గారు పుల్లలన్నీ పీకేసి, నాగరాజు గారి భుజం మీద చెయ్యి వేసి అవతలికి తీసుకెళ్ళి ఏదో చెప్పారు.

"ఏం తేలింది?" అన్నాను, ఉండబట్టలేక.

"ఆయన్నే అడగండి. జత ఆయనది."

"ఇదేం సైన్సండీ! ఫలితాలు నలుగురికీ ప్రకటించాలి."

"ప్రకటిస్తే ఇంకెవరైనా జతకి వస్తారాండీ?" అన్నారు ఆయన, పుల్లలు కట్టగడుతూ.

ఫలితం నాకు నేటికీ తెలియదు. కానీ ఆ తర్వాత నాగరాజు గారు ఎక్కడ కనపడ్డా ఒక చేతిలో కొబ్బరికాయ, ఇంకో చేతిలో నీళ్ళలో ఉప్పు కొలిచే మీటరు ఉంటున్నాయి. జనం కోసం కాయ, బోరు కోసం మీటరు. ఆయన చెప్పిన చోట బోర్లు ఈ మధ్య బాగా పడుతున్నాయని పేరు కూడా వచ్చింది.

ఒకసారి మాత్రం మీరా గార్ని పట్టేశాననుకున్నాను. ఆయన మెడలో నల్లతాడుకి తాయెత్తు ఉంది.

"మరి దీనికి జత పెట్టారా?" అన్నాను, గెలిచినవాడిలా.

ఆయన తాయెత్తు పట్టుకుని చూసుకుని నవ్వారు. "ఇది ఏం చేస్తుందని ఎవరన్నారండీ? మా అమ్మ కట్టింది, ఉంచుకున్నాను. ఇది కట్టుకుంటే జ్వరం తగ్గుతుందని మీరంటే చెప్పండి, అప్పుడు పెడదాం."

ఇక అసలు సంగతి. నాకు పదేళ్ళుగా షుగరు. పోయిన వేసవిలో కుడికాలి బొటనవేలి పక్కన చిన్న పుండు లేచి, మూడు వారాలైనా మానలేదు. డాక్టరు గారు మాత్రలకి తోడు పొద్దున్నే ఒక ఇంజెక్షను రాశారు. మా ఆవిడ రాధాకుమారి ఆ పుండుని చూసినప్పుడల్లా మాట్లాడటం మానేసేది. వాళ్ళ నాన్నగారికీ ఇలాగే వేలి దగ్గర మొదలైంది. మోకాలి దాకా కాలు తీసేశారు.

ఆ రోజుల్లోనే గుడివాడలో ఒక పెళ్ళికి వెళ్ళాను. పక్క హాల్లో ఏదో సభ జరుగుతోంది. మైకులో నా పేరు వినపడింది! చూస్తే ప్రేమ్ సాగర్, నా పాత శిష్యుడు. స్లిప్ టెస్టుల్లో ఎప్పుడూ ఇరవై ఐదుకి నాలుగు. ఇప్పుడు కోటు వేసుకుని స్టేజి మీద నుంచి దిగివచ్చి నా కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

"మీరు చెప్పిన ఫిజిక్సే నన్ను ఇంతవాణ్ణి చేసింది సార్!"

ముప్ఫయ్యొక్క ఏళ్ళు చెప్పాను. ఆ మాట అన్నవాడు ఒక్కడూ లేడు. నా కళ్ళు చెమర్చాయి, బుర్ర అక్కడే పనిచెయ్యడం మానేసింది. వాడు రూపాయి బిళ్ళంత లోహపు బిళ్ళ ఒకటి చూపించాడు. క్వాంటం అన్నాడు, ఫ్రీక్వెన్సీ అన్నాడు, నానో అన్నాడు. అది జేబులో ఉంటే కణాలన్నీ ఒక వరసలోకి వస్తాయట, షుగరు వేరుతో సహా పోతుందట.

"చెప్పడం కాదు సార్, మీ ఒంటితోనే చూడండి" అని నన్ను ఒంటికాలి మీద నిలబెట్టి, చెయ్యి చాపించి, మోచేతి మీద నొక్కాడు. తూలిపడ్డాను. జేబులో బిళ్ళ వేసి మళ్ళీ నొక్కాడు. ధ్వజస్తంభంలా నిలబడ్డాను! హాలంతా చప్పట్లు. ఐదు బిళ్ళల ఫ్యామిలీ ప్యాకుతో ఇంటికొచ్చాను.

"సోమవారం నుంచి మాత్రలు ఆపేస్తున్నాను, ఇంజెక్షను కూడా" అన్నాను.

రాధాకుమారి చేతిలో గరిటె ఆగిపోయింది. "డాక్టరు గారిని అడిగారా?"

"డాక్టరుకి ఫిజిక్సేం తెలుసు? ఇది నా ఒంటితో నేను చూసిన నిజం."

ఆవిడ మర్నాడు పొద్దున్నే పెడన వెళ్ళి చీర రంగు వేయించుకొస్తానంది. సాయంత్రానికి, అనుకోకుండా అన్నట్టు, మీరా గారు మా ఇంటికి వచ్చారు. నేనే ఉత్సాహంగా బిళ్ళ చూపించి, ఒంటికాలి మీద నిలబడి, కథంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోశారు. గడ్డం గోక్కున్నారు.

"అలాగాండీ? జత పెట్టి చూద్దాం."

"తప్పకుండా పెట్టండి!" అన్నాను. నాకేం భయం?

"ఒక్కటే షరతండీ. జత తేలేదాకా మీరు ఏదీ మార్చకూడదు. మాత్రలు మాత్రల్లానే, సూది సూదిలానే. మధ్యలో ఏది మారినా జత చెడిపోతుంది, మళ్ళీ మొదటికి రావాలి."

"అది సైంటిఫిక్ నియమం. నాకు మీరు చెప్పాలా?" అన్నాను గర్వంగా. వంటింట్లో రాధాకుమారి గరిటె మళ్ళీ కదిలింది.

జతకి కావలసిన దొంగ బిళ్ళలు శామ్యూల్ రాజ్ తెచ్చాడు. అతను గిలకలదిండి హార్బర్లో బోటు ఇంజన్ల మెకానిక్కు, మీరా గార్ని బావా అంటాడు. ఇంజను వాషర్లు ఐదు అచ్చం నా బిళ్ళల సైజుకి అరగదీశాడు. ఖదీజా గారు తలుపు వేసుకుని ఒక్కరే కూర్చుని, పది గుడ్డ సంచులు కుట్టి, ఐదింట్లో బిళ్ళలు, ఐదింట్లో వాషర్లు పెట్టి, దూది కూరి మూతులు కుట్టేశారు. సంచుల మీద ఒకటి నుంచి పది దాకా అంకెలు వేశారు. ఏ అంకెలో ఏముందో ఆవిడ కాగితం మీద రాయలేదు. మీరా గారు ఒక గుడ్డ ఇచ్చారు. దాని మీద నల్లగీతలతో పది గళ్ళున్నాయి. బిళ్ళ ఉన్న అంకె గడిలో ఆవిడ పటిక నీళ్ళతో చుక్క పెట్టారు. ఆరగానే గుడ్డ ఖాళీ. నా కళ్ళ ముందే తాడు మీద వేలాడుతోంది, ప్రపంచంలో ఎవరూ చదవలేరు. పరీక్షల బోర్డు వాళ్ళు లక్కముద్రలు వేసి దాచుకునే రహస్యాన్ని ఈయన గాల్లో ఆరేశారు.

నేను ఒంటికాలి మీద నిలబడ్డాను. శామ్యూల్ రాజ్ గ్రీజు చెయ్యి నా మోచేతి మీద వేశాడు.

"నొక్కమంటారా మాస్టారూ?"

"నొక్కు. మొహమాటపడకు."

ఒకటో సంచి జేబులో వేసుకుంటే తూలకుండా నిలబడ్డాను. "ఉంది!" అని అరిచి కాగితం మీద నేనే రాసుకున్నాను. మూడో సంచికైతే శామ్యూల్ రాజ్ వేలాడినా కదలలేదు. "చూశారా, ఏం శక్తి!" అన్నాను. ఏడో సంచికి వెళ్ళి అతని మీద పడ్డాను. "లేదు!" పదీ అయ్యేసరికి ఏడు ఉన్నాయి, మూడు లేవు అని నా లెక్క. ఐదే కదా ఉండాలి అని శామ్యూల్ రాజ్ గొణిగాడు. శక్తి పక్క సంచులకి పాకి ఉంటుందని చెప్పాను.

"ఇక గంగాళంలో వెయ్యండి!"

"అప్పుడేనాండీ? పటిక గుడ్డలో బాగా పట్టి పండాలి. ఎనిమిది రోజులు" అన్నారు మీరా గారు. సంచులు కూడా జత తేలేదాకా షెడ్డులోనే ఉండాలట. ఉంచాను.

ఎనిమిది రోజులయ్యాక వెళితే, గుడ్డని పారే నీళ్ళలో జాడించాలి, కాలవలో నీళ్ళు సరిగా లేవన్నారు. చూస్తే కాలవ గట్లు ఒరుసుకుని పారుతోంది. "ఈ నీళ్ళు కాదండీ, తేట నీళ్ళు రావాలి" అన్నారు. తేట నీళ్ళొచ్చాక మబ్బు పట్టింది. మబ్బు విడిచాక ఖదీజా గారు అవనిగడ్డలో పెళ్ళికి వెళ్ళారు. ఆవిడ పెట్టిన చుక్కలు ఆవిడ లేకుండా తియ్యకూడదట. రోజూ ఏడింటికి మాత్రం మీరా గారి ఫోను వచ్చేది.

"మాత్ర వేసుకున్నారా మాస్టారూ? సూది? జత చెడిపోతుందండీ, జాగ్రత్త."

నేను పుస్తకం పెట్టి టైముతో సహా రాసేవాణ్ణి. పదేళ్ళలో అంత క్రమంగా మందులు వేసుకున్న పాపాన పోలేదు. ఇదివరకు వారంలో రెండు రోజులు మర్చిపోయేవాణ్ణి. ఇప్పుడు ప్రయోగం కదా! స్వీట్లు కూడా ముట్టలేదు. బందరు లడ్డు ఎదురుగా పెట్టినా, "వద్దు, జత చెడుతుంది" అన్నాను. పంతొమ్మిదో రోజుకి వేలి పక్కన పుండు మానిపోయింది.

ఎగిరి గంతేసి ఫోను చేశాను. "మీరా గారూ! బిళ్ళలు మీ షెడ్డులో ఉన్నా, పది కిలోమీటర్ల దూరం నుంచి పనిచేస్తున్నాయండీ!"

అవతల ఎవరో నోట్లో చెంగు కుక్కుకున్న చప్పుడు.

"అలాగాండీ?" అన్నారు మీరా గారు.

ఇరవై మూడో రోజున గంగాళం కింద మంట పెట్టారు. షెడ్డులో మీరా గారు, ఖదీజా గారు, నేను, ముగ్గురమే. మీరా గారు గుడ్డని వేసి కర్రతో తిప్పడం మొదలుపెట్టారు. నేను నా కాగితం పట్టుకుని ఆవిరిలోకి వంగాను. మొదట ఏమీ లేదు. తర్వాత ఒకటో గడిలో ఎర్ర చుక్క లేచింది. నా కాగితం మీద ఒకటో అంకె, ఉంది. గుండె ఉప్పొంగింది. తర్వాత నాలుగులో. నేను లేదన్నాను. ఆరు. ఏడు. శామ్యూల్ రాజ్ మీద పడ్డ ఏడు! పది. అక్కడితో ఆగిపోయింది. మూడో గడి కోసం కళ్ళు చించుకుని చూశాను. తెల్లగా ఉంది. అంటే నన్ను ధ్వజస్తంభంలా నిలబెట్టింది బోటు ఇంజను వాషరు.

పదింటికి నాలుగు. కళ్ళు మూసుకుని బొమ్మా బొరుసూ వేసినా ఐదు వచ్చేవి. తలెత్తి చూస్తే మీరా గారు నాకు వీపు తిప్పి, ఎగదొయ్యక్కర్లేని మంటని ఎగదోస్తున్నారు.

"మీరు చూడరా?" అన్నాను.

"నాకెందుకండీ? జత మీది."

సిగ్గుతో చచ్చిపోయాను. దానికంటే ఎక్కువగా ఆశ్చర్యపోయాను. నన్ను మోసం చేసింది ప్రేమ్ సాగర్ ఒక్కడే కాదు. నా కాళ్ళు, నా చేతులు, నా ఎమ్మెస్సీ అందరూ కలిసి చేశారు. అబద్ధం ఆడనిది ఆ గంగాళం ఒక్కటే. దానికి నేనెవరో తెలియదు, నా మీద గౌరవమూ లేదు, కోపమూ లేదు. పటిక ఉంటే ఎర్రబరుస్తుంది, లేకపోతే లేదు. ముప్ఫయ్యొక్క ఏళ్ళు సైన్సు సైన్సు అని నేను చెప్పింది దీని గురించే. ఎదురుగా చూసింది మాత్రం ఆ రోజే.

మీరా గారు కర్రతో గుడ్డని ఎత్తి, జాడించి, దండెం మీద పరిచారు. అప్పుడు కింది అంచు విప్పుకుంది. గళ్ళ కింద, అంతవరకూ మడతలో ఉన్న చోట, ఎర్రటి అక్షరాలు వరసగా ఉన్నాయి. ఏడో తరగతి చేతిరాత.

'మాస్టారూ, మాత్ర వేసుకున్నారా?'

వంగి రెండోసారి చదివాను. ఖదీజా గారు కూడా నోరు తెరిచి చూస్తున్నారు. "ఇదెప్పుడు రాశారు? నాకూ కనపడలేదే!" అన్నారు ఆవిడ.

"నీకు గుడ్డ ఇవ్వకముందే రాశాను."

"ఒకవేళ బిళ్ళ పనిచేస్తుందని తేలితే?" అన్నాను నేను.

"అప్పుడూ అడగాల్సిందే కదండీ? మాత్రలు డాక్టరు గారు చూసి మానమనేదాకా వేసుకోవాలి కదా."

ఖదీజా గారు ఇక దాచుకోలేకపోయారు. "అన్నగారూ, పటిక ఒక్క రోజులో పండుతుంది. ఎనిమిది రోజులెందుకు? కాలవా బాగానే ఉంది, ఎండా బాగానే ఉంది. నేనసలు అవనిగడ్డ పోలేదు, మీరు ఫోను చేసినప్పుడల్లా పక్కనే ఉన్నాను. రాధ వదిన ఆ రోజు పొద్దున్నే ఇక్కడికొచ్చి ఒకటే ఏడుపు. ఈయనకి ఇది అలవాటే. గేదెకైతే ఇరవై రోజుల్లో తేలుస్తారు, మోకాలి నూనెకి పది. ఎవరైనా మందు మానేస్తానంటే మాత్రం ఈయన పటిక ఆరదు!"

"ఖదీజా" అన్నారు మీరా గారు, చెవులదాకా ఎర్రబడి. "పొయ్యి చూడు."

అంటే ఇన్నేళ్ళుగా పెడనలో, బందరులో, ఎన్ని పటికలు ఇలా ఆరకుండా ఉండిపోయాయో! ఎంతమంది జత చెడుతుందని భయపడి మాత్రలు మింగారో! అడిగితే ఆయన చెప్పరు. ఎవరి జత వాళ్ళది.

పది సంచులూ ప్రేమ్ సాగర్‌కి పార్సిల్ చేశాను. "నాయనా, థియరీలో నువ్వు బాగానే ఉన్నావు. ప్రాక్టికల్ పరీక్ష మిగిలిపోయింది. వీటిలో బిళ్ళలున్నవేవో రాసి పంపు" అని చీటీ పెట్టాను. ఇంకా జవాబు పత్రం రాలేదు.

గుడ్డని మా వంటింటి గోడకి, మాత్రల డబ్బా పైన కొట్టించాను. చూడ్డానికి వచ్చిన డాక్టరు గారు పది గళ్ళూ, ఐదు చుక్కలూ ఏమిటని అడిగారు. కలంకారీ డిజైన్లలో అదో పాత రకం అని చెప్పాను. రాధాకుమారి పక్కకి తిరిగి నవ్వుకుంది. ఆవిడ ఇప్పుడు పొద్దున్నే నన్నేమీ అడగదు. కాఫీ ఇస్తూ గోడ వైపు వేలు చూపిస్తుంది, అంతే.